గంజి పొర

పన్నెండుకి పన్నెండూ చచ్చిపోయాయి.

చచ్చిపోయినవి మనుషులు కారు, ట్రాన్స్‌ఫార్మర్లు. ఒక్కొక్కటీ బియ్యపు గింజంత ఉంటుంది. ఉడుకు ఆవిరి నిండిన పరీక్ష పెట్టెలో రెండు నెలలుగా బుద్ధిగా పనిచేసినవి ఒక్క వారంలో ఒకదాని వెనక ఒకటి పోయాయి. ప్రయోగశాలలో పరీక్షల పని చూసే తస్లీమా మంగళవారం పొద్దున్న వాటిలో ఒకదాన్ని జిగురులో పాతి, అడ్డంగా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. చాలాసేపు చూసింది. చూసి, రేకులు పేర్చే గదిలోంచి నూకరత్నాన్ని పిలిపించింది.

"అక్కా, ఇది నీ పళ్ళెంలోదేనా?"

"అన్నీ నావేనండి మేడంగారూ. మిగతావాళ్ళవి ఎక్కడ పాసవుతున్నాయి?" అంది నూకరత్నం, కాస్త గర్వంగానే.

తెర మీద బొమ్మ కనబడుతోంది. నల్లటి పొరలు, వాటి మధ్య తెల్లటి వెండి గీతలు. ఆ గింజ తయారీ నూకరత్నానికి కంఠతా వచ్చు. ఇనుము కలిసిన పింగాణీ పిండిని ఉల్లిపొర కన్నా పల్చటి రేకుగా పోస్తారు. రేకు మీద వెండి ముద్దతో చుట్ట అచ్చు వేస్తారు. అలాంటి ముప్ఫై ఒక్క రేకుల్ని జుట్టు వాసి తేడా రాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి, నొక్కి, కోసి, కొలిమిలో కాలుస్తారు. అంతా కలిసి ఒక్క రాయి అయిపోతుంది. రాయి కడుపులో రెండు వెండి చుట్టలు. కింది చుట్టకి మనిషి ఒంటి వేడి నుంచి పుట్టే పిసరంత కరెంటు ఇస్తే, పై చుట్టలోంచి దానికి వంద రెట్ల ఒత్తిడితో బయటికొస్తుంది. గుండెని తట్టి లేపడానికి అది చాలు. బ్యాటరీ అక్కర్లేదు. ఒంట్లో వెచ్చదనం ఉన్నంతకాలం ఆ మనిషి గుండె కొట్టుకుంటుంది.

"ఇక్కడ చూడు," అని తస్లీమా పెన్సిలు మొనతో తెర మీద చూపించింది. కింది చుట్టకీ పై చుట్టకీ మధ్య ఖాళీలోకి తెల్లటి పోగులు దిగి ఉన్నాయి. గరిక వేళ్ళలా ఉన్నాయి.

"ఏటండి ఇవి?"

"వెండి. తడీ కరెంటూ రెండూ దొరికితే వెండికి నడక వస్తుందక్కా. రేకుకీ రేకుకీ మధ్య సన్నటి బెజ్జాల పొర ఉంది చూడు. పైన టైటానియం డబ్బా బిగించకముందే ఆ బెజ్జాల్లోకి గాలిలో చెమ్మ చేరిపోయింది. వెండి అందులోంచి పాక్కుంటూ పోయి అవతలి చుట్టని ముట్టుకుంది. ముట్టుకుంటే అంతే, షార్టు."

"మరి ఆ బెజ్జాలు లేకుండా చెయ్యొచ్చుగా?"

"అక్కడే ఉంది చిక్కంతా. బెజ్జాల పొర లేకపోతే ఇది పనే చెయ్యదు. అయస్కాంత బలం పై చుట్ట దాకా పోకుండా మధ్యలోనే అడ్డదారిన వెనక్కి తిరిగొచ్చేస్తుంది. ఈ పొర ఆ అడ్డదారి మూసేస్తుంది. డైరెక్టర్ గారు దీనికి 'శశి పొర' అని తన పేరే పెట్టుకున్నారు. కొలిమి వేడిని తను దిద్దిన తీరు వల్ల వచ్చిందంటారు. కొలిమి ఒకటేగా అక్కా! మిగతా ఆరుగురి పళ్ళేల్లో ఈ పొర ఎందుకు రాదు? నీవాటిలోనే ఎందుకొస్తోంది? నువ్వేమైనా చేస్తున్నావా?"

మూడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆ అమ్మాయే.

నూకరత్నం ఆత్రేయపురం మనిషి. పెళ్ళై వచ్చిన నాటి నుంచి బోర్లించిన కుండ మీద పూతరేకులు తీసిన చెయ్యి ఆమెది. యంత్రాలు చింపేస్తున్న పింగాణీ రేకుని చింపకుండా ఎత్తగల చేతులు కావాలని డైరెక్టర్ శశిభూషణం ఆ ఊరు వెతుక్కుంటూ వచ్చి ఏడుగురు ఆడవాళ్ళని రాజమండ్రి తీసుకొచ్చాడు. తెలివైన పనే. తెల్ల కోట్లు తొడిగించి, నోటికి గుడ్డలు కట్టించి, చల్లటి పొడి గదిలో కూర్చోబెట్టాడు. రేకు ఎత్తు, పేర్చు, సంతకం పెట్టు, మాట్లాడకు. గదిలోకి తడి వస్తువు తెస్తే ఉద్యోగం పోతుందని గోడ మీద రాయించాడు.

కానీ వెండి అచ్చు పడ్డ రేకు ఆ పొడి గాలికి అంచులు లేచి వంకర తిరిగేది. పేరుస్తుంటే విరిగేది. పూతరేకు విరిగితే ఏం చేస్తారో ఆత్రేయపురంలో పసిపిల్లకైనా తెలుసు. తడి గుడ్డ తాకిస్తారు. పట్టు గుడ్డలా మడత పడుతుంది. నూకరత్నం ఉత్త నీళ్ళతో చేసి చూసింది, రేకు జారింది. గంజితో చేసింది, అతుక్కుంది. పల్చటి అన్నం గంజి చుక్కల మందు సీసాలో పోసుకుని, అరచెయ్యంత గుడ్డముక్క జాకెట్లో దోపుకుని రోజూ లోపలికెళ్ళేది. అచ్చు పడ్డ ప్రతి రేకునీ ఒక్కసారి అలా తుడిచి పేర్చేది. కొలిమిలో గంజి కాలిపోయి, ఉన్నచోట బెజ్జాలు మిగిలేవి. అదీ శశిగారి పొర.

దాని వల్లే తన గింజలు పాసవుతున్నాయని ఆమెకి తెలియదు. తన చెయ్యి మంచిదనుకుంది, అంతే. మిగతా ఆరుగురూ భయస్తులు, తడి జోలికి పోలేదు. వాళ్ళ పళ్ళేలు చెత్తబుట్టలోకి, ఈమె పళ్ళేలు ఆసుపత్రికి.

"గంజి," అంది నూకరత్నం. మళ్ళీ అంది. "గంజి రాస్తన్నానండి."

తస్లీమా తిట్టలేదు. కళ్ళు మూసుకుంది. "పెట్టెలో వేడి ఎక్కువ. ఒంట్లో ముప్ఫై ఏడు డిగ్రీలే. లెక్క కడితే వెండి దాటడానికి రెండున్నరేళ్ళు పడుతుంది. కాస్త అటూ ఇటూ," అంది.

మొదటి మనిషికి ఆ గింజ పెట్టి రెండేళ్ళ అయిదు నెలలయింది. ఇప్పటికి నలభై ఒక్కరికి పెట్టారు. అందరివీ నూకరత్నం చేతి గింజలే. వాళ్ళలో ఆరో మనిషి పేరు సూర్యచంద్రం. కొబ్బరి దింపు కూలీ. నూకరత్నం మొగుడు.

"ఇవాళ మంగళవారం," అంది నూకరత్నం ఉలిక్కిపడి. "బొబ్బర్లంక తోటలో దింపుకెళ్ళాడు."

*

శశిభూషణం చెడ్డవాడని రాస్తే పని తేలికయ్యేది. అతను చెడ్డవాడు కాదు. బ్యాటరీ అయిపోయి గుండె ఆగిన అన్నని చూసిన మనిషి. పగలూ రాత్రీ చదివాడు, కష్టపడ్డాడు. కానీ తనకి తెలియనిది ఇంకొకరిని అడగడం అతనికి చేతకాదు. బాగా చదువుకున్నవాళ్ళలో చాలామందికి ఉండే జబ్బే ఇది. దీనికి మందు ఎవరూ కనిపెట్టడం లేదు.

"గంజా?" అన్నాడు, తోటకి పోయే ముందు తస్లీమాతో కలిసి తన గదికొచ్చిన నూకరత్నంతో.

"ఆయ్. గంజేనండి."

అతను నవ్వాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. లేచి తలుపు వేశాడు. ఏ రేకుల మీద రాసిందీ, ఎన్నిసార్లు రాసిందీ అడిగాడు. ఆమె చెప్పింది. అతను గోడకి వేలాడుతున్న తన పొర బొమ్మ వైపు చూశాడు. తొమ్మిది దేశాల్లో చూపించిన బొమ్మ అది.

"సార్, నలభై ఒక్కరినీ ఇవాళే వెనక్కి పిలవాలి," అంది తస్లీమా. "మామూలు బ్యాటరీ మిషన్లు పెడితే సరిపోతుంది. గంట ఆపరేషను."

"నువ్వు బయటికి వెళ్ళు."

"సార్..."

"బయటికి వెళ్ళమన్నాను తస్లీమా. రేపట్నుంచి రానక్కర్లేదు కూడా. ఎవరిని అడిగి ఆ పరీక్ష పొడిగించావు?"

తస్లీమా వెళ్ళింది. తలుపు గట్టిగానే వేసి వెళ్ళింది.

శశిభూషణం నూకరత్నాన్ని కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెని కూర్చోమనడం అదే మొదటిసారి.

"శనివారం ఢిల్లీ నుంచి కమిటీ వస్తోంది. వాళ్ళు ఒప్పుకుంటే నాలుగు వేలమందికి పెడతాం. పొర తప్పు దిద్దుకోవడానికి నాకు ఆర్నెల్లు చాలు. ఇప్పుడు అల్లరైతే ఈ పని శాశ్వతంగా ఆగిపోతుంది. ఇంకెవరూ దీని జోలికి రారు. ఆదివారం పొద్దున్న నేనే అందరినీ పిలిపిస్తాను. అయిదు రోజులే నూకరత్నం."

"ఈ అయిదు రోజుల్లో ఏదన్నా అయితేనండి?"

"రెండున్నరేళ్ళని తనే అందిగా? ఇంకా నెల టైముంది." అతను బల్ల మీదికి వంగాడు. "సూర్యచంద్రం ఆరో నంబరు కదూ? రేపే తీసుకురా. చెకప్ అని చెప్పు. నేను డాక్టరుతో మాట్లాడతాను. రేపు సాయంత్రానికి అతని ఒంట్లో కొత్త మిషను ఉంటుంది. నువ్వు మాత్రం శనివారం దాకా నోరు విప్పకూడదు. విప్పావనుకో, మొదట ఏమడుగుతారో తెలుసా? లోపలికి తడిగుడ్డ తెచ్చిందెవరు అని."

నూకరత్నానికి బొబ్బర్లంక తోట కనబడుతోంది. అరవై అడుగుల ఎత్తు చెట్లు. పైన మొగుడు.

తల ఊపింది.

ఎవరూ ఆమె మెడ పట్టుకుని ఊపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెప్తున్నా, తనే ఊపింది.

*

గేటు బయట తస్లీమా స్కూటరు మీద కూర్చుని ఉంది. "ఎక్కు," అంది. ఇంకేమీ అడగలేదు. ధవళేశ్వరం బ్యారేజీ మీద లారీల వెనక ఇరుక్కున్నప్పుడు నూకరత్నం ఏడుసార్లు మొగుడికి ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తడు కూడా. చెట్టెక్కేటప్పుడు ఫోను చొక్కాతో పాటు కింద వదిలేస్తాడు.

తోటలో పది చెట్లకి దింపు అయిపోయింది. పదకొండో చెట్టు మొదట్లో చొక్కా, చెప్పులు. తలెత్తి చూస్తే ఎండ కళ్ళల్లో పొడిచింది. పైన మట్టల మధ్య రెండు నల్లటి పాదాలు, వాటి మధ్య బంధం తాడు.

"మావా!"

"ఎవరది? రత్నమా?" పైనుంచి గొంతు హుషారుగా వచ్చింది. "ఏంటే, డ్యూటీ ఎగ్గొట్టేశావా? పక్కన మేడంగారు కూడానా! తప్పుకోండి తప్పుకోండి, గెల వస్తంది."

గెల దబ్బున పడింది. మట్టి లేచింది.

నూకరత్నం నోరు తెరిచింది. ఏం చెప్పాలి? గుండెలో గింజ ఆగిపోవచ్చు అని అరవై అడుగుల మీదున్న మనిషికి చెప్తే భయానికే చేతులు వదిలేస్తాడు.

"దిగు మావా. ఇంటికెళ్ళాలి."

"ఎందుకూ?"

"మీ అక్క వచ్చింది!"

"అయితే ఇంకో పది చెట్లు ఎక్కుతాను."

తస్లీమా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "దాహమేస్తోందని చెప్పక్కా," అంది చిన్నగా.

"మేడంగారికి దాహంగా ఉందంట. కళ్ళు తిరుగుతున్నాయంట. దిగొచ్చి బొండం కొట్టివ్వు!"

"అయ్యో, ముందే చెప్పొద్దా? ఎండలో తీసుకొచ్చి నిలబెట్టావు పాపం, బుద్ధుందా నీకు?" మట్టలు కదిలాయి. పాదాలు కిందికి జరిగాయి. కాళ్ళు జార్చడం, చేతులు మార్చడం. మళ్ళీ కాళ్ళు, మళ్ళీ చేతులు. నూకరత్నం పెదవులు ఆ లయకి వాటంతటవే కదులుతున్నాయి. చెట్టు సగంలోకి వచ్చాక అతను ఆగిపోయాడు. నుదురు మానుకి ఆనించాడు. కదల్లేదు.

"మావా?"

నూకరత్నం చెట్టు మొదట్లోకి పరిగెత్తింది.

"మావా! ఏమైంది? పట్టుకో! గట్టిగా పట్టుకో!"

"చీమలే బాబూ!" అన్నాడు అతను పళ్ళ బిగువున. "కండచీమలు. ఎక్కడెక్కడ కుడుతున్నాయో మేడంగారి ముందు చెప్పలేను, నన్ను మాట్లాడించకు."

పాదం నేలకి తగిలాక నూకరత్నం అతని ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. చెమట. చెమట కింద చర్మం, దాని కింద గవ్వంత డబ్బా, అందులో తన గింజ. లోపల గుండె కొట్టుకుంటోంది. చెయ్యి తియ్యలేదు.

"ఏంటే, జనం చూస్తున్నారు," అన్నాడు సూర్యచంద్రం సిగ్గుపడుతూ. తర్వాత ఆమె మొహం చూశాడు. నవ్వు ఆపేశాడు.

"రేపు ఆసుపత్రికి వెళ్ళాలి. చెకప్పు," అంది ఆమె.

తస్లీమా నూకరత్నం వైపు ఒక చూపు చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోతూ స్కూటరు దగ్గర ఆగి అంది. "నీ మొగుడు దిగాడక్కా. మిగతావాళ్ళు పైనే ఉన్నారు."

*

బుధవారం మధ్యాహ్నం ఆపరేషను అయిపోయింది. శశిభూషణం మాట నిలబెట్టుకున్నాడు. డాక్టరు పాత డబ్బాని చిన్న కవరులో వేసి పట్టుకెళ్ళాడు. సూర్యచంద్రం ఛాతీలో ఇప్పుడు అగ్గిపెట్టెంత మామూలు మిషను ఉంది. ఏడెనిమిదేళ్ళు వస్తుంది. కానీ ఇక చెట్టెక్కకూడదన్నారు. దీని నుంచి గుండెలోకి పోయే తీగ లాగబడుతుందట.

గురువారం సాయంత్రం అతను దిండుకి ఆనుకుని కూర్చుని ఇడ్లీ తింటూ అడిగాడు. "చెకప్పని చెప్పి కోసి పారేశారేంటే?"

"పాతది కొంచెం బాలేదంట."

"కొంచెం అంటే?"

నూకరత్నం గిన్నె కడగడానికి లేచింది. అతను ఆమె చెంగు పట్టుకున్నాడు.

"పద్దెనిమిదేళ్ళ కాపరం మనది. నువ్వు అబద్ధం చెప్పేటప్పుడు గిన్నెలు కడుగుతావు. కూర్చో."

కూర్చుంది. చెప్పింది. గంజి, బెజ్జాలు, వెండి నడక, పన్నెండు గింజలు, డైరెక్టరు గది, తల ఊపడం. అన్నీ చెప్పింది. వింటున్నంతసేపూ అతను ఇడ్లీ ముక్క చేత్తో పట్టుకునే ఉన్నాడు.

"అయితే నువ్వు నన్ను దింపుకున్నావు," అన్నాడు చివరికి.

"దింపుకున్నాను. తప్పా?"

"తప్పని నేనంటానా? పైనున్నవాడిని నేనే. నువ్వు దింపకపోతే నీ మీద కోపమొచ్చేది." ముక్క పళ్ళెంలో పెట్టేశాడు. "కానీ తోటలో దింపు తీసేటప్పుడు ఒక పద్ధతి ఉంటది రత్నం. ఒక చెట్టు మొవ్వు కుళ్ళింది, పైన పట్టు నిలవదని తెలిస్తే, తెలిసినోడు కేకెయ్యాలి. పక్క చెట్టు మీదోడు వినేదాకా కేకెయ్యాలి. తను దిగిపోయి చొక్కా తొడుక్కుని ఇంటికిపోతే, ఆడిని మళ్ళీ ఏ తోటలోకీ రానివ్వరు."

"కేకేస్తే నన్నే పట్టుకుంటారు మావా. తడిగుడ్డ నాది. గంజి నాది."

"నీదే. నీది కాదని ఎవరన్నారు?"

"ఆదివారం ఆయనే పిలిపిస్తానన్నాడు."

"అప్పటిదాకా ఎవడూ పడిపోడని ఆయన వెండితో మాట్లాడుకున్నాడా?"

ఆమెకి కోపం వచ్చింది. మొగుడి మీద, శశిభూషణం మీద, గోడ మీద రాతల మీద. మూడేళ్ళు నీ చేతికి ఏం తెలుసని అడగని మనుషులు ఇప్పుడు నోరు మాత్రం మూసుకోమంటున్నారు. చెయ్యి కావాలి, మనిషి అక్కర్లేదు. కానీ ఆ కోపాన్ని ఎంత తోడినా అడుగున ఒకటి మిగిలిపోతోంది. రెండు రోజులుగా మూసుకున్న నోరు తనదే.

"నంబర్లు నా దగ్గర లేవు," అంది.

"ఆ మేడంగారి దగ్గర ఉంటాయి. అడుగు."

*

శుక్రవారం పొద్దున్న తస్లీమా వచ్చింది. ఆసుపత్రి వరండాలో సిమెంటు బల్ల మీద కూర్చుని రెండు రోజులు తిరిగి సంపాదించిన కాగితాలు సంచిలోంచి తీసింది. నలభై ఒక్క పేర్లు, ఊళ్ళు, ఫోను నంబర్లు, గింజ పెట్టిన తేదీలు.

"నిన్న నేను చేశానక్కా," అంది. కళ్ళు వాచి ఉన్నాయి. "ముగ్గురికి చేశాను. ఒకాయన నువ్వెవరివన్నాడు. ఉద్యోగంలోంచి తీసేసిన దాన్నని ఆయనకి అప్పటికే చెప్పేశారట. ఆఫీసు నుంచి ముందే అందరికీ మెసేజీలు వెళ్ళాయి. మతి చెడిన పిల్ల ఫోన్లు చేస్తుంది, నమ్మొద్దని. మిగతా ఇద్దరూ పెట్టేశారు."

"మరి నేను చెప్తే నమ్ముతారా?"

"నువ్వు చేసినదానివి. నీ చేతి తప్పు నువ్వే చెప్తుంటే ఎందుకు నమ్మరు?"

నూకరత్నం ఫోను తీసింది. మొదటి నంబరు తణుకులో దర్జీ. అతను మొదట కసిరాడు. "మీ ఆఫీసోళ్ళు ఇలాంటి ఫోన్లొస్తాయని చెప్పారులే," అన్నాడు.

"నేను ఆఫీసు కాదండి. రేకులు పేర్చేదాన్ని. మీ ఒంట్లో ఉన్నది నా చేత్తో చేశాను. నా తప్పు వల్లే అది పాడవుతోంది. మా ఆయనకీ అదే పెట్టారు. మొన్న బుధవారం తీయించేశాను. మీరూ ఇవాళే వెళ్ళి తీయించుకోండి. కుట్టుమిషను తొక్కకండి, కూర్చున్నచోటే కూర్చోండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి."

"మీ ఆయనకి తీసేశారా?" అన్నాడు. "తీసేశారండి." "అయితే వెళ్తాను," అన్నాడు.

అదే మాట పనిచేసింది. రెండో నంబరు పాలకొల్లులో పంతులమ్మ, బడికి సెలవు పెట్టి వెళ్తానంది. మూడో నంబరు, నిన్న తస్లీమా చేస్తే ఫోను పెట్టేసిన పెద్దాయన. బూతులు తిట్టాడు. తిట్టి, ఏ ఆసుపత్రికి వెళ్ళాలో రాసుకుంటాను ఆగమన్నాడు. తస్లీమా పేర్ల పక్కన గీతలు పెడుతోంది. లోపల సూర్యచంద్రం నర్సుని కాఫీ అడుగుతున్న గొంతు వినబడుతోంది.

నాలుగో నంబరు గుర్రాల సన్యాసిరావు. యలమంచిలి. ఐసు ఫ్యాక్టరీలో పని.

"హలో, సన్యాసిరావుగారేనా అండి?"

"ఆయన నేరు." ఆడగొంతు. వెనక జనం మాటలు. ఎవరో ఇనప కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు.

"ఎప్పుడొస్తారండి? చాలా అర్జెంటండి."

"ఎక్కడికొత్తారమ్మా. నిన్న పొద్దుట పోనారు. డూటీకి ఎల్దామని చెప్పులేసుకుంటా గుమ్మంలోనే కూలబడిపోనారు. గుండాగిపోయిందన్నారు." గొంతు ఏడ్చి ఏడ్చి ఎండిపోయి ఉంది. "ఎవులు మీరు?"

తస్లీమా పెన్ను కాగితం మీద ఆగిపోయింది. ఫోను గొంతు ఆమెకీ వినబడింది. మెల్లగా చెయ్యి చాచింది, ఇవ్వు, నేను మాట్లాడతాను అన్నట్టు.

నూకరత్నం ఇవ్వలేదు. రాంగు నంబరు అనొచ్చు. బంధువునని చెప్పి నాలుగు మంచిమాటలు అని పెట్టేయొచ్చు. ఆఫీసువాళ్ళే చూసుకుంటారులే అనుకోవచ్చు.

"నా పేరు నూకరత్నమండి. మాది ఆత్రేయపురం. మీ ఆయన ఒంట్లో పెట్టిన గింజ నేను చేశాను. అందులో తప్పుంది. దానివల్లే ఆయన పోయారు. వయసు వల్ల కాదు, ఆయన జబ్బు వల్ల కాదు. ఎవరైనా అలా చెప్తే నమ్మకండి. దాన్ని ఒంట్లోంచి తీయించి పెట్టండి, మీ దగ్గరే ఉంచుకోండి."

"దహనమైపోనాది," అంది అవతలి గొంతు.

కుర్చీల చప్పుడు కూడా ఆగిపోయింది.

"తప్పుందని నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం తెలిసిందండి."

"మాయాన పోయింది నిన్న, నచ్చివారం."

"ఆయ్."

"మంగలారం తెలిస్తే మంగలారమే ఎందుకు చెయ్యనేదు?"

వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుంటూ పోయారు. నూకరత్నం గోడ వైపు తిరిగింది.

"మా ఆయనకీ అదే ఉందండి. ముందు ఆయనకి తీయించుకున్నాను. అందుకు నోరు మూసుకుంటానని ఒప్పుకున్నాను."

"మీయాన బతికున్నాడా?"

"బతికున్నాడండి."

అవతల ఏమీ వినబడలేదు. ఫోను పెట్టేసిందేమోనని నూకరత్నం తెర చూసింది. పెట్టలేదు. అంకెలు నడుస్తున్నాయి. ఆమె ఫోను మళ్ళీ చెవికి ఆనించుకుంది. శాపం పెట్టినా, ఏడ్చినా, వినడానికే ఆనించుకుంది.

"ఇంకెంతమందున్నారు?" అంది ఆ గొంతు.

"ముప్ఫై ఆరుగురండి."

"అయితే నాతో మాటలేటి? పెట్టీ. ముందు ఆలకి చెయ్యి. ఆకరోడికి చెప్పినాక మళ్ళా నాకు చెయ్యి. నీతో నాకు పనుంది."

"చేస్తానండి."

"పేరేటన్నావు?"

"నూకరత్నం."

"చెయ్యాల నూకరత్నం. నాను ఫోను పట్టుకునే కూకుంటాను."

ఫోను ఆగింది. తస్లీమా కాగితం మీద నాలుగో పేరు పక్కన గీత పెట్టబోయి, పెట్టలేక, అయిదో నంబరు పైకి చదివింది. నూకరత్నం ఒక్కొక్క అంకె నొక్కింది. అవతల గంట మోగడం మొదలైంది.